అమ్మణ్ణికి, షెర్రీ పీపాల గురించి

చిత్తూరు

చిరంజీవి లావణ్యకు మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి ముందు ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది. ఫుడ్ టెక్నాలజీ చదివించింది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోనో బిస్కెట్ల కంపెనీలోనో చేరతావని అంట. నువ్వేమో సింగిల్ మాల్ట్ విస్కీ కంపెనీలో రుచి చూసే విభాగానికి ట్రైనీగా పోతున్నావు, అదీ షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్షసారా పోసి ఉంచిన పీపాల్లో మాగిన సరుకు చూసే పనికి. "రేపు దీనికి సంబంధాలు ఎట్లా వస్తాయన్నా" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. నా భయం అది కాదు. నా భయం ఏందో కింద రాస్తా. నేను చేసిన పని మన ఇంట్లో ఇంకొకరు చేస్తారని ఎప్పుడూ అనుకోలేదమ్మా. నిద్ర పట్టక అర్ధరాత్రి లేచి పాత నోటుబుక్కులు బయటికి తీసి పెట్టుకున్నా.

మీ అమ్మకి ఒక్క మాట చెప్పు. స్కాట్లాండులో షెర్రీ పీపాలకే పేరుపడిన గ్లెన్‌డ్రోనాక్ విస్కీ కంపెనీకి 2017 నుంచి మాస్టర్ బ్లెండర్ రేచల్ బారీ. ఏ పీపా దేంట్లో కలవాలో తేల్చేది ఆ ఆడమనిషే.

నీకు తెలిసినవి గబగబా రాసేస్తా. కింద బొద్దుగా, పైన సన్నగా ఉండే గ్లాసు వాడు. ఐసు వద్దు, సోడా వద్దు. పొద్దున పూట, టిఫినయ్యి గంటన్నా గడిచినాక కూర్చో. ఆ రోజు ఎర్రకారం దోసె వద్దు. సెంటు పూసుకోవద్దు. తల్లో మల్లెపూలతో టేస్టింగ్ గదిలోకి అడుగు పెట్టొద్దు, పక్కనోళ్ళ పని కూడా చెడుతుంది. జలుబు చేస్తే సెలవు పెట్టు. తేలికైనవి ముందు, షెర్రీ బరువున్నవి తర్వాత, పొగవాసనవి అన్నిటికంటే చివర.

రంగు చూసి మాత్రం మురిసిపోవద్దు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ చేసేది ఇదే. గ్లాసు ఎత్తి, ఎర్రగా నల్లగా ఉంటే "అబ్బా, షెర్రీ" అంటారు. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. రంగు నీకు సగం అబద్ధం చెప్తుంది, ముక్కు చెప్పదు. అందుకే ముదురు నీలం గ్లాసుల్లో పోసి వాసన చూసే అలవాటు నేర్చుకో.

పీపా ఎట్లా పుట్టిందో తెలిస్తే వాసన సగం తెలిసినట్టే. షెర్రీ అంటే స్పెయిన్ దక్షిణాన జెరెజ్ చుట్టుపక్కల చేసే ద్రాక్షసారా. మామూలు వైన్‌లో స్పిరిట్ కలిపి బలం పెంచుతారు. ఒకప్పుడు షెర్రీని పీపాలతోనే ఓడల్లో బ్రిటన్‌కి పంపి అక్కడ సీసాల్లో నింపేవాళ్ళు. ఖాళీ పీపాలు వెనక్కి పంపడం దండగ కాబట్టి విస్కీవాళ్ళు చవగ్గా కొనేసేవాళ్ళు. 1980లలో సీసాల్లో నింపడం స్పెయిన్‌లోనే జరగాలన్నాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు వచ్చే పీపాలు విస్కీ కోసమే కొత్తగా చేయించినవి. ఏడాదో రెండేళ్ళో షెర్రీ పోసి ఉంచి, ఖాళీ చేసి పంపుతారు. "వందేళ్ళ సొలేరా పీపా" (పాత షెర్రీలో కొత్తది కలుపుతూ మాగబెట్టే వరసలోది) అని ఎవరైనా ఊరిస్తే నవ్వి ఊరుకో. బొడెగాలు, అంటే షెర్రీ చేసే కంపెనీలు, తమ పాత పీపాలు మామూలుగా అమ్ముకోవు, అమ్మినా ఆ కట్టెలో మిగిలేది తక్కువ.

అందుకని ప్రతి పీపానీ రెండు ప్రశ్నలు అడుగు. ఏ కట్టె? ఏ షెర్రీ? యూరప్ ఓక్ అయితే టానిన్ ఎక్కువ. లవంగం, దాల్చినచెక్క, ఎండుపళ్ళు, నాలుక పక్కల పట్టేసే వగరు. అమెరికా ఓక్ అయితే వెనిల్లా, కొబ్బరి. ఒలొరోసో గాలి తగిలి మాగిన షెర్రీ, అక్రూట్ పప్పు వాసన. పెద్రో హిమెనెజ్ అయితే ద్రాక్షని ఎండలో చాపల మీద ఆరబెట్టి పిండినది, చిక్కటి తీపి. పూర్తిగా షెర్రీ పీపాలోనే పెరిగిందా, చివర కొన్నాళ్ళు మాత్రమే పెట్టినారా అన్నది కూడా చూడు. బాల్వెనీ డబుల్‌వుడ్ అనే స్కాచ్ చివరి 9 నెలలే షెర్రీ పీపాలో ఉంటుంది. షెర్రీ పీపాల్లోనే పెరిగిన గ్లెన్‌ఫార్క్లాస్, అబర్లూర్ అబునా పక్కన పెట్టి చూస్తే తేడా నీకే తెలుస్తుంది.

మన ఎండ సంగతి మర్చిపోవద్దు. స్కాట్లాండులో పీపాలోంచి ఏటా ఆవిరయ్యేది సుమారు 2 శాతం. బెంగుళూరులో 10 శాతం పైమాటే. ఇక్కడ కట్టె విస్కీని తొందరగా మింగేస్తుంది. అక్కడ పన్నెండేళ్ళు పట్టేది ఇక్కడ నాలుగైదేళ్ళకే వస్తుంది, ఇంకొక ఏడాది ఆగితే చేదెక్కిపోతుంది. సీసా మీద ఏళ్ళ అంకె చూసి తక్కువ అంచనా వేయొద్దు.

ఇంక వాసనలకు పేర్లు. పుస్తకాల్లో ఫ్రూట్ కేక్, మార్మలేడ్ అని ఉంటుంది. నువ్వు తినని దాని పేరు నీ కాగితం మీద రాయొద్దు. ముదురు బెల్లం పాకం నీకు తెలుసు. గింజ తీయని చింతపండు, ఎండు ఖర్జూరం, అంజీరు, కమలాపండు తొక్క, మామిడి తాండ్ర, మీ నాయనమ్మ చీరల పెట్టెలో పాత కట్టె వాసన, ఇవన్నీ తెలుసు. వాటినే రాయి, తర్వాత వాళ్ళ మాటల్లోకి మార్చుకోవచ్చు. లడ్డూ మాట మాత్రం ఎత్తొద్దు. ఎండుద్రాక్ష, నెయ్యి, ఏలక్కాయ అన్నీ కలిసి నీకు అదే గుర్తొచ్చినా సరే. స్వామివారి ప్రసాదాన్ని ఆ కాగితం మీద రాయడం నాకు నచ్చదు.

ఇప్పుడు గంధకం. ఇది నిదానంగా చదువు.

ఖాళీ చేసిన పీపా ప్రయాణంలో పాడవకుండా, బూజు పట్టకుండా లోపల గంధకం కాలుస్తారు. అది కట్టెలో మిగిలిపోతే విస్కీలో కాల్చిన అగ్గిపుల్ల, రబ్బరు, ఉడికిన క్యాబేజీ వాసనలు వస్తాయి. కొందరికి పుట్టుకతోనే ఆ వాసన తెలియదు. అది తప్పు కాదు, పరీక్ష పెట్టించుకుంటే తేలిపోతుంది.

మా విభాగంలో ఒక పెద్దాయన ఉండేవాడు. అంత ముక్కు నేను మళ్ళీ చూడలేదు. కళ్ళు మూసుకుని ఇది యూరప్ ఓక్, ఇది అమెరికా ఓక్, ఇది రెండోసారి నింపిన పీపా అని చెప్పేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. బల్ల పక్కన ఉమ్మడానికి బకెట్ ఉండేది, ఆయన దాన్ని వాడేవాడు కాదు. "ఇంత మంచి సరుకు ఉమ్మేస్తే పాపంరా" అనేవాడు. మొదట్లో బాగున్నవి మాత్రమే మింగేవాడు. తర్వాత అన్నీ. తూలడు, మాట తడబడదు, గొంతు పెంచడు. ఎవరికీ ఏమీ కనిపించలేదు. పొద్దున ఆయన రాసింది, మధ్యాహ్నం ఆయన రాసింది పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

ఒకరోజు మధ్యాహ్నం షెర్రీ బట్‌లు, అంటే పెద్ద పీపాలు, చూస్తున్నాం. ఒక్కో బట్ 500 లీటర్లు. ఒకదాంట్లో నాకు గంధకం తగిలింది, కాగితం మీద రాసినా. ఆయన "ఎండుద్రాక్ష, లవంగం, చాలా బాగుంది" అని రాసినాడు. ఆయన మాటే నెగ్గింది, నెగ్గకుండా ఎట్లా ఉంటుంది? ఆ బట్ తక్కినవాటితో కలిసి పెద్ద తొట్టిలోకి పోయింది. ఉడుకుతున్న పాయసంలో కిరసనాయిలు చుక్క పడితే ఎట్లుంటుందో అట్లైంది. తొట్టంతా అగ్గిపుల్ల. సింగిల్ మాల్ట్‌గా సీసాల్లోకి ఎక్కాల్సిన సరుకు పక్కన పడింది, తర్వాత కొంచెం కొంచెంగా పలురకాల విస్కీలు కలిపే బ్లెండ్లలో కలిపి వదిలించుకున్నారు.

ఆ డబ్బు సంగతి నాకు గుర్తు లేదు. గుర్తున్నది ఇది. తొట్టిలోంచి తెచ్చిన గ్లాసు ఆయన చేతికిచ్చినారు. ముక్కు దగ్గర పెట్టుకుని చానాసేపు చూసి "బాగుంది కదా" అన్నాడు. దబాయించడం కాదమ్మా, నిజంగానే అన్నాడు. మా మొహాలు చూసినాక అర్థమైంది ఆయనకి. చెయ్యి వణికింది. ఆయన్ని స్టోర్సుకి మార్చినారు. కొన్నాళ్ళకి వాళ్ళింటికి పోతే, పలకరింపు కూడా కాకముందే అగ్గిపెట్టె తీసి పుల్ల గీసి, ఆర్పి, ముక్కు కింద పెట్టుకుని "ఇది తెలుస్తోందిరా" అన్నాడు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మా అక్కలాంటి ఆయన భార్య గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది.

అందుకే చెప్తున్నా, కోపంగానే చెప్తున్నా: ఉమ్మేయ్. ఎంత అరుదైన పీపా అయినా, ఎంత పెద్ద మనిషి నీ చేతికి ఇచ్చినా ఉమ్మేయ్. నలుగురిలో ఉమ్మడానికి సిగ్గుపడొద్దు. "ఆడపిల్లకి తాగడం చేతకాదు" అని ఎవడైనా అంటే వాడికి ఆ పని తెలియదని అర్థం. చుక్క కూడా మింగకపోయినా నోటి చర్మంలోంచి కొంత లోపలికి పోతుంది, కాబట్టి పని రోజు స్కూటీ తీయొద్దు. ఆటో ఎక్కు, డబ్బులు నేనిస్తా.

అసలు పని ముక్కుది. వాసన చూసేటప్పుడు నోరు కొంచెం తెరిచి పెట్టుకో, ఘాటు తగ్గుతుంది. గ్లాసులో ముక్కు దూర్చొద్దు, దూరం నుంచి దగ్గరికి తెచ్చుకో. బ్లెండర్లు 20 శాతానికి పలచన చేసి చూస్తారు: 60 శాతం సరుకైతే ఒక వంతుకి రెండు వంతుల నీళ్ళు. నీళ్ళు పోస్తే చెడిపోతుందనే వీరులతో వాదించొద్దు. 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు నీళ్ళు కలిసినప్పుడు గ్వాయకాల్ లాంటి వాసన పదార్థాలు ద్రవం పైభాగానికి చేరతాయని కంప్యూటర్ లెక్కలతో చూపించినారు. నీళ్ళు మాత్రం వాసన లేనివి కావాలి, కార్పొరేషన్ కుళాయి నీళ్ళు కాదు.

ప్రాక్టీసు కోసం కొన్న సీసా తిరుపతి ఇంట్లో ఉందని మీ అమ్మ చెప్పింది. నిలువుగా పెట్టు, పడుకోబెడితే బిరడా పాడవుతుంది. కిటికీ ఎండ తగలనీకు. మనోళ్ళు కొండకి పోయేటప్పుడు నీ బ్యాగు కారు డిక్కీలో అట్లే ఉండిపోనీకు. అలిపిరిలో తనిఖీ చేస్తారు, కొండ మీదికి మద్యం నిషేధం. నువ్వు మర్చిపోయినానంటే నమ్మేవాళ్ళు ఎవరూ ఉండరు, నాన్న తల ఎత్తుకోలేడు. ఒంటరిగా రాత్రిపూట ప్రాక్టీసు చేయొద్దు. పొద్దున, వెలుతురులో, బకెట్ పక్కన పెట్టుకుని చెయ్యి.

చేరిన వారంలోనే గంధకం పరీక్ష పెట్టమని మీ పైవాళ్ళని అడుగు. తర్వాత పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అదే శాంపిల్, అంకె కనపడకుండా కప్పి చూడు. రెండు కాగితాలూ పక్కపక్కన అంటించి దాచు. నెల తర్వాత వాటి ఫోటోలు నాకు పంపు. మధ్యాహ్నం కాగితాలే ముందు చదువుతా.

మీ మామయ్య