మునిసిపాలిటీ లేని మొబైల్ హోమ్ వాడలో అసలు జనాభా ఎంతో తేల్చడం ఎలా?

అమెరికాలో నేరుగా కౌంటీ (మన జిల్లాలాంటిది) కింద ఉండే ఓ చిన్న మొబైల్ హోమ్ వాడ, అంటే ఫ్యాక్టరీలో తయారుచేసి లాక్కొచ్చి పెట్టిన ఇళ్ల వాడ, జనాభాకు మూడు చోట్ల మూడు అంకెలు కనిపిస్తున్నాయి, దేన్ని నమ్మాలి అని అడిగారు. చాలా వరకు ఆ మూడూ మూడు వేర్వేరు హద్దుల లెక్కలై ఉంటాయి. ముందు హద్దు తేల్చుకోండి, తలలు తరవాత లెక్కపెట్టొచ్చు.

మునిసిపాలిటీ లేని ఊరికి చట్టపరంగా ఊరి హద్దంటూ ఉండదు. లెక్కల కోసం అక్కడి జనాభా లెక్కల సంస్థ సెన్సస్ బ్యూరోయే ఓ గీత గీసి, ఆ గీత లోపలి ప్రాంతాన్ని సీడీపీ (సెన్సస్ డెజిగ్నేటెడ్ ప్లేస్) అంటుంది. కాలిఫోర్నియాలో సాల్టన్ సీ ఒడ్డున ట్రైలర్లతో ఉండే బాంబే బీచ్ అలాంటిదే. 2010లో అక్కడ 295 మంది, 2020లో 231. మీ వాడకు సీడీపీ లేకపోతే ఆ పేరు మీద సెన్సస్ జనాభా దొరకదు. జిప్ కోడ్ (అక్కడి పిన్‌కోడ్) అంకె తీసుకున్నారంటే చుట్టుపక్కల ఊళ్లూ అందులో కలిసిపోతాయి. మన దగ్గర శివారు పల్లె జనం రెవెన్యూ గ్రామం లెక్కలో కలిసిపోతారు చూడండి, అలాగే.

సీడీపీ లేనప్పుడు బ్లాకులే దిక్కు, అంటే సెన్సస్ లెక్కలిచ్చే అతి చిన్న ముక్కలు. సెన్సస్ వాళ్ల టైగర్‌వెబ్ మ్యాపులో వాడ మీదికి వెళ్లి బ్లాకు నంబర్లు రాసుకోండి, వాటికి 2020 లెక్కలు తీయండి. ఇక్కడో చిక్కుంది. గోప్యత కోసం 2020లో బ్లాకు జనాభాను కావాలనే కొంచెం అటూ ఇటూ మార్చారు. మొత్తం ఇళ్ల సంఖ్యను మాత్రం ముట్టుకోలేదు. అందుకే మనుషులుండే ఇల్లు ఒక్కటీ లేదన్న బ్లాకులో కూడా నలుగురు మనుషులు కనిపించొచ్చు. ఇళ్ల సంఖ్యను పట్టుకోండి. జనాభాను ఏ ఒక్క బ్లాకు నుంచీ తీసుకోకుండా వాడలోని బ్లాకులన్నీ కలిపి చూడండి.

ఇక ఇంటికి ఎంతమంది? సెన్సస్ బ్యూరో చేసే ఏసీఎస్ (అమెరికన్ కమ్యూనిటీ సర్వే) ఐదేళ్ల లెక్కల్లో బీ25033 పట్టికలో మొబైల్ హోముల్లో ఉంటున్న జనం, బీ25032లో మనుషులున్న మొబైల్ హోములు దొరుకుతాయి. మొదటిదాన్ని రెండోదాంతో భాగించండి. చాలామంది మొత్తం మొబైల్ హోములుండే బీ25024తో భాగిస్తారు. అందులో ఖాళీ ఇళ్లు కూడా ఉంటాయి కాబట్టి సగటు తక్కువొస్తుంది. చిన్న వాడకు ఈ సర్వేలో పొరపాటు పరిధి చాలా ఎక్కువ, కాబట్టి సగటును కౌంటీ మొత్తానికి తీయండి. ఉదాహరణకు 60 ఇళ్లలో 52లో మనుషులుండి, కౌంటీ సగటు 2.6 వస్తే, వాడలో దాదాపు 135 మంది.

ఆ 52ను తేల్చడమే అసలు పని, దానికి వాడలో నడవాల్సిందే. కరెంటు మీటరు స్తంభాలను లెక్కపెట్టకండి, ఇల్లు ఎత్తుకెళ్లిపోయిన స్థలంలోనూ స్తంభం మిగిలే ఉంటుంది. 1976 జూన్ 15 తరవాత తయారైన ఇంటికి బయట, వెనక చివర, ఇంటి లోపలి ఫ్లోరు మట్టానికి ఓ అడుగు పైన ఎర్రటి చిన్న అల్యూమినియం రేకు ఉంటుంది. దాని మీద నంబరు చెక్కి ఉంటుంది. డబుల్‌వైడ్ అంటే రెండు ముక్కలు కలిపిన ఒకే ఇల్లు, రేకులు మాత్రం రెండు. రేకుల్ని బట్టి లెక్కపెడితే ఒక ఇల్లు రెండవుతుంది. మనుషులున్నారా లేదా అన్నది తిరుగుతున్న మీటరు, గోడవారన గ్యాస్ సిలిండరు, మెట్ల మీద చెప్పులు చెప్పేస్తాయి.

ఎండాకాలంలో వెళ్తే చలికాలానికి మాత్రమే వచ్చేవాళ్ల ఇళ్లు మూసి ఉంటాయి, జనవరిలో వెళ్తే అవే నిండుగా ఉంటాయి. సెన్సస్ మాత్రం ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడుంటారో అక్కడే రాసుకుంటుంది. కాబట్టి మీ అంకె పక్కన ఏ నెలలో చూశారో తప్పకుండా రాయండి.

చివరగా నీళ్ల లెక్కతో సరిచూసుకోండి. సొంత బోరు ఉన్న వాడలో ఏడాది పొడవునా ఉండేవాళ్ల కనెక్షన్లు 15 ఉన్నా, అలాంటివాళ్లు 25 మంది ఉన్నా ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) నియమాల ప్రకారం అది ప్రజా నీటి వ్యవస్థ. ఈపీఏ తాగునీటి డేటాబేసులో దాని కనెక్షన్లు, నీళ్లందే జనాభా రెండూ ఉంటాయి. ఆ జనాభా కనెక్షన్లకు సరిగ్గా మూడు రెట్లు గానీ రెండున్నర రెట్లు గానీ ఉంటే అనుమానించండి. నీటి వ్యవస్థ నడిపేవాళ్లు గుణించి రాసిన అంకె అయ్యుంటుంది. అప్పుడు జనాభాను వదిలేసి కనెక్షన్ల సంఖ్యను మాత్రం మీరు నడిచి లెక్కపెట్టిన ఇళ్లతో పోల్చండి.