పాలసీ నిండేదాకా ఆపరేషన్ ఆపాలా?

ప్రశ్న: వరంగల్‌లో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. వయసు 43. నెలకు 22 వేలు మిగులుతాయి. కుడి మణికట్టులో నరం బాగా నొక్కుకుపోయిందని, ఆపరేషన్ తప్పదని డాక్టర్ అన్నారు. 45 వేలవుతుందట. సూది ఎప్పుడు జారిపోతోందో కూడా తెలియడం లేదు. నా హెల్త్ పాలసీకి 14 నెలలే నిండాయి. తిమ్మిర్లు అంతకు ముందు నుంచే ఉన్నాయి. 36 నెలలు అయ్యేదాకా ఆగమంటున్నాడు ఏజెంటు. లక్షా 20 వేల ఎఫ్‌డీ ఉంది. బంగారం కుదువ పెట్టనా? మావారి కంపెనీ ఇన్సూరెన్స్ కూడా ఏదో ఉంది.

జవాబు: ఆగకండమ్మా. 22 నెలలు ఆగితే మిగిలేది 45 వేలు, అంటే మీకు రెండు నెలల సంపాదన. ఈలోగా బొటనవేలి కింద కండ కరిగిపోతే, తర్వాత ఆపరేషన్ చేయించినా పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. పైగా ఆ తిమ్మిర్ల సంగతి పాలసీ ఫారంలో రాశారా? రాయకపోతే 36 నెలల తర్వాత కూడా క్లెయిమ్ తిప్పికొట్టొచ్చు. ఏజెంటు ఈ ముక్క చెప్పి ఉండడు.

అసలు దారి మీరు చివర్లో తేలిగ్గా రాసేసిన మాటలోనే ఉంది. కంపెనీల గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకు సాధారణంగా ఇలా నెలల తరబడి ఆగాలన్న షరతు (వెయిటింగ్) ఉండదు. రేపే మీవారిని హెచ్ఆర్‌లో అడగమనండి, భార్య పేరు ఎక్కించారా అని. ఈ ఆపరేషన్‌కు ఆ చోట మాత్రమే మత్తిచ్చి, నరాన్ని నొక్కుతున్న పట్టీని కోస్తారు. చాలామందిని అదే రోజు ఇంటికి పంపేస్తారు. ఆస్పత్రి వాళ్లు దాన్ని డే కేర్ అడ్మిషన్‌గా చూపాలి. ఓపీ బిల్లు వేస్తే మాత్రం పైసా రాదు. కేస్ షీట్‌లో ‘ఎన్నాళ్లుగా’ అన్న చోట నిజమే చెప్పండి. ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది ఆ గీతే.

ఒకవేళ గ్రూప్ పాలసీలో మీ పేరు లేదనుకుందాం. ఆపరేషన్‌కు 45 వేలు, ఆరు వారాలు షాపు నడవకపోతే 33 వేలు, మొత్తం 78 వేలు. బంగారం జోలికి పోకండి, ఎఫ్‌డీ విరవకండి. దాని మీదే లోన్ తీసుకోండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒక శాతం ఎక్కువ పడుతుంది. ఎఫ్‌డీ వడ్డీ ఎలాగూ వస్తుంటుంది కాబట్టి ఆరు నెలలకు చేతి నుంచి పోయేది సుమారు నాలుగొందలు.

డాక్టరు ఒప్పుకుంటే ఆషాఢం మొదట్లోనే చేయించుకోండి. పెళ్లి జాకెట్లు ఉండవు. కుట్లు రెండు వారాల్లో విప్పేస్తారు. శ్రావణం ఆర్డర్లు వదులుకోనక్కర్లేదు, కొలతలు మీరు తీసుకోండి. కత్తెర మాత్రం డాక్టరు సరేననేదాకా పట్టొద్దు. కటింగ్‌కు, మిషన్‌కు మనుషుల్ని పీసు లెక్కన పెట్టుకోండి.