ట్రక్కు కోసం భార్య కారు తాకట్టా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాం. మా 2014 పికప్ ట్రక్కు 1,48,000 మైళ్లు తిరిగింది. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్సు) పాడైంది. దాన్నే విప్పి రీబిల్డ్ చేస్తే 3,400 డాలర్లు, ఏడాది వారంటీ. రీమాన్యుఫాక్చర్డ్ యూనిట్ (ఫ్యాక్టరీలో పూర్తిగా బాగుచేసిన వేరే ట్రాన్స్‌మిషన్) బిగిస్తే 5,600, మూడేళ్ల వారంటీ. వారాంతపు కేటరింగ్‌కు ట్రక్కు తప్పనిసరి. బ్యాంకులో 2,600 ఉంది. నెల్లూరులో కొన్న ప్లాటుకు నెలకు 700 కడుతున్నాం. నా భార్య కారు టైటిల్ (యాజమాన్య పత్రం) మీద 4,000 అప్పు తెచ్చి యూనిట్ మార్పిద్దామనుకుంటున్నాను. టాక్స్ రిఫండ్ రాగానే తీర్చేస్తాను. సరైన నిర్ణయమేనా?

జవాబు: కాదు. ఆ అప్పు జోలికి వెళ్లకండి. టైటిల్ లోన్‌కు నెలకు 25 శాతం రుసుము మామూలు. మన లెక్కలో నూటికి పాతిక రూపాయల వడ్డీ! ఊళ్లో ఎవరైనా నూటికి ఐదు రూపాయలు అడిగితేనే లేచి వచ్చేస్తాం కదా. 4,000కు నెలకు 1,000 చొప్పున, రిఫండ్ రెండు నెలలు ఆలస్యమైతే 2,000 పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఈ అప్పులు తీసుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరు వాహనం పోగొట్టుకున్నారని అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2016లో తేల్చింది. ఆగిన ట్రక్కు కోసం నడుస్తున్న కారును ఒడ్డుతున్నారు.

మీ ఉత్తరానికి జవాబు రాయడానికి అసలు కారణం ప్లాటు. ఊళ్లో ఆస్తి పెరుగుతుంటే పొదుపు చేస్తున్నామనే అనుకుంటాం. కానీ ఆ ప్లాటులో గజం అమ్మి గేర్‌బాక్సు బాగుచేయించలేరు. ఇక్కడ సంపాదించి అక్కడ భూమిలో పెట్టే కుటుంబాలు ఎన్నో ఇలాగే ఒక్క మరమ్మతుకు తల్లడిల్లడం చూస్తున్నాను. అత్యవసర నిధి లేకుండా వాయిదాల ప్లాటు కొనడం తొందరపాటే.

ఇక ట్రక్కు. ముందు మరో షాపులో ట్రక్కు కంప్యూటర్ చూపే లోపాల కోడ్‌లు చదివించి, ట్రాన్స్‌మిషన్ అడుగున ఉండే ఆయిల్ పాన్ విప్పించి చూడండి. ఒక్కోసారి ఆయిల్ ప్రవాహాన్ని నియంత్రించే సోలెనాయిడ్ లేదా వాల్వ్ బాడీ మారిస్తే సరిపోతుంది. లోపల క్లచ్‌లు అరిగిపోయాయని తేలితే రీబిల్డ్ చేయించండి. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ట్రాన్స్‌మిషన్‌కు అందించే భాగం) కొత్తది వేస్తామని, ఆయిల్‌ను చల్లబరిచే కూలర్, గొట్టాలు శుభ్రం చేస్తామని రాతపూర్వకంగా తీసుకోండి. పాత ఇనుప రజను కూలర్‌లో మిగిలితే కొత్తగా కట్టిన ట్రాన్స్‌మిషన్‌ను కూడా తినేస్తుంది. మూడేళ్ల వారంటీ మంచిదే. అయితే వ్యాపారానికి వాడే వాహనాలకు చాలా వారంటీలు గడువు తగ్గిస్తాయి, కొన్ని అసలు వర్తించవు. మీది కేటరింగ్ బండి. ఆ 2,200 తేడాకు ఏం దక్కుతుందో కాగితంలో చదివితే తెలుస్తుంది.

డబ్బు ఇలా సర్దండి: బ్యాంకు నుంచి 1,400 తీయండి, 1,200 ముట్టకండి. మిగతా 2,000 క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకులాంటిది) అప్పు తీసుకోండి. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లలో మామూలు వ్యక్తిగత రుణానికి వడ్డీ ఏడాదికి 18 శాతం దాటదు. 401(కె), అంటే ఉద్యోగ విరమణ పొదుపు ఖాతా నుంచి తీసే రుణం ఆఖరి దారి, ఉద్యోగం మారితే మెడకు చుట్టుకుంటుంది. క్రెడిట్ కార్డు వద్దు.

ప్లాటు కంపెనీకి ఈ వారమే ఫోన్ చేసి వాయిదాలు ఆపమని అడగండి. ఆలస్య రుసుము పడినా పడనివ్వండి. నెలకు 700 చొప్పున మళ్లిస్తే ఆ 2,000 నాలుగో నెలలోపే తీరిపోతుంది. ఆ తర్వాత కూడా 700 నెల్లూరుకు పంపకండి. రిఫండ్‌తో కలిపి వేరే పొదుపు ఖాతాలో వేస్తూ పోండి. మూడు నెలల ఇంటి ఖర్చు అందులో చేరాకే ప్లాటు మాట.