డాలస్ ప్రయాణం: కిలోమీటర్లు కాదమ్మా, కూర్చునే గంటలు చూడండి

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. నాకు 61 ఏళ్లు. బీపీ, షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. ఐదు నెలల కిందట కుడి మోకీలు మార్చారు. అమ్మాయి పురిటికి డాలస్ వెళ్లాలి. గూగుల్‌లో దూరం 14 వేల కిలోమీటర్లు దాటింది. అంతసేపు కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుందని అందరూ భయపెడుతున్నారు. ముందే ఆస్పిరిన్ వేసుకోవాలా?

జవాబు: ఆ 14 వేలు సూటిగా గీత గీస్తే వచ్చే లెక్క అమ్మా. విశాఖ, డాలస్ భూగోళానికి చెరోవైపు ఉన్నాయి, ఆ గీత దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. హైదరాబాద్, దుబాయ్ మీదుగా వెళ్తే దూరం 16 వేల దాకా తేలుతుంది. అయితే కాళ్లకు కిలోమీటర్లు తెలియవు, గంటలే తెలుస్తాయి. హైదరాబాద్‌కు గంటంబావు, అక్కడి నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలు, ఇవి ఎలాగో గడిచిపోతాయి. దుబాయ్ నుంచి డాలస్‌కు ఒకే బిగిన 16 గంటలు. జాగ్రత్తంతా అక్కడే.

నడిచినప్పుడల్లా పిక్క కండరం రక్తాన్ని పైకి తోస్తుంది. కదలకపోతే అది కిందే నిలుస్తుంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో ముప్పు రెండు మూడు రెట్లు పెరిగే మాట నిజమే. అయినా ఆరోగ్యవంతుల్లో అది సుమారు 6 వేల మందిలో ఒకరికి. మీకు అంతకంటే కాస్త ఎక్కువ. ఆపరేషన్ అయి మూడు నెలలు కూడా కాకుంటే నేనే వద్దనేవాణ్ని. ఇప్పుడు వెళ్లొచ్చు, మీ సర్జన్‌కు ఒకసారి చూపించుకోండి.

దీనికోసమని ఆస్పిరిన్ వద్దు. మోకాలి కిందవరకు వచ్చే బిగుతు మేజోళ్లు మేలు. షుగర్ ఉంది కాబట్టి పాదాల్లో రక్త ప్రసరణ చూపించుకున్నాకే, కొలత తీయించి కొనండి. నడవా పక్క సీటు అడగండి. గంటకోసారి లేచి నడవండి. కూర్చున్నప్పుడు మడమ నేలకు ఆనించి వేళ్లు లేపండి, తర్వాత వేళ్లు ఆనించి మడమ లేపండి. నిద్రమాత్ర వేసుకుని ఒకే భంగిమలో పడుకోవద్దు.

ఇంకో మాట. ఇంగ్లిష్ రాదని పిల్లలు మీకు వీల్‌చైర్ బుక్ చేసే ఉంటారు. క్యూలో నిలబడే పని తప్పుతుంది, సంతోషం. కానీ దుబాయ్‌లో విమానం దిగాక దొరికే నాలుగడుగులు కూడా అందులో కూర్చునే పోతే ఎలా? గేటు దగ్గరైనా లేచి అటూ ఇటూ తిరగండి.

ఆవకాయ పెట్టెలో వెళ్లినా ఫర్వాలేదు, మాత్రలూ చీటీ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. డాలస్ టైము మనకంటే వేసవిలో పదిన్నర గంటలు వెనక. షుగర్ మాత్ర ఎప్పుడు, ఎంత వేసుకోవాలో మీ డాక్టరుతో ముందే రాయించుకోండి.

సాయంత్రానికి రెండు పాదాలూ కాస్త ఉబ్బితే కంగారు వద్దు. ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీనొప్పో వస్తే, దిగి రెండు మూడు వారాలైనా సరే, పురిటి హడావిడిలో అల్లుడికి ఇబ్బంది ఎందుకని ఊరుకోకండి. వెంటనే అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయించండి.