గడ్డ నల్లబడకముందే చెప్పు

చిరంజీవి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఎలక్ట్రోకీమోథెరపీ, అంటే క్యాన్సర్ గడ్డకు మందుతోపాటు కరెంటు కూడా ఇచ్చే వైద్యం, చేసే యూనిట్‌లో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వపడ్డానో! ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. నువ్వు డాక్టరువి, నేను క్యాన్సర్ వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. అయినా కొన్ని మాటలు నేనే చెప్పాలి.

కిడ్నీ పరీక్షలు, అలర్జీలు, గర్భం, పేస్‌మేకర్ సంగతి ముందే చూసుకుంటావు. బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందు రక్తంలోకి ఎక్కించాక ఎనిమిదో నిమిషం నుంచి ఇరవై ఎనిమిదో నిమిషం దాకానే గడ్డలకు కరెంటు ఇచ్చే అసలు సమయం. గడ్డలు ఎక్కువుంటే ఏది ముందో, ఏది తర్వాతో మందు ఎక్కించకముందే గుర్తు పెట్టుకో.

నా భయమంతా ఈ మందు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందేమోననే. ఇంతకుముందు ఎప్పుడైనా బ్లియోమైసిన్ తీసుకున్నారేమో పాత ఫైళ్ళు తిరగేసి చూడు, ఆ మోతాదు కూడా లెక్కలోకి వస్తుంది. మత్తు డాక్టరుకు నువ్వే నోటితో చెప్పు. ఈ మందు పడ్డవాళ్ళకు ఆక్సిజన్ అవసరానికి మించి ఇస్తే ప్రమాదం. కాగితంలో రాశాం కదా అని ఊరుకోకు.

ఇక అసలు విషయం. మా వార్డులో ఒకావిడ ఉండేది. కాలి మీద మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గడ్డలు, వాటిలో ఒకటి తరచూ రక్తం కారేది. చికిత్స చక్కగా జరిగింది, రక్తం ఆగింది. "గడ్డలు రాలిపోతాయమ్మా" అని ఆమె డాక్టరు సంతోషంగా చెప్పి పంపాడు. రాలేముందు ఎలా ఉంటాయో మాత్రం ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్ళకు గడ్డలు నల్లబడ్డాయి, రసి కారింది, వాసన వచ్చింది. రోగం ముదిరిందని అనుకుందామె. ఇంట్లోవాళ్ళకు కనపడనివ్వకుండా గుడ్డ చుట్టుకుంది, మనవడిని దగ్గరికి రానివ్వలేదు. డ్రెస్సింగ్ మార్పించుకోవడానికి కూడా రాలేదు. చివరికి కూతురు బలవంతంగా తీసుకొస్తే చూశాం. పక్కులు ఊడుతున్నాయి, కింద కొత్త చర్మం పడుతోంది. వైద్యం గెలిచింది. కానీ ఆ వారాలన్నీ ఆవిడ చావుకు సిద్ధపడుతూ గడిపింది. ఒక్క నిమిషం మాట్లాడి ఉంటే ఆ బాధ తప్పేది. మా వార్డు చేసిన ఆ తప్పును ఈ రోజుకూ క్షమించలేను.

అందుకే చెబుతున్నా, మాధవీ. చదువులో చురుకైనదానివే, కానీ మాట్లాడేటప్పుడు నీకు తొందరెక్కువ. చిన్నప్పుడూ అంతే, కథ చెప్పమంటే ముగింపు నుంచి మొదలుపెట్టేదానివి. పేషెంట్ దగ్గర అలా చేయకు. కూర్చో. కరెంటు ఎందుకో చెప్పు: బ్లియోమైసిన్ మామూలుగా కణం పొర దాటలేదు, సెకనులో పదివేలో వంతు మాత్రమే ఉండే ఎనిమిది పల్సులు ఆ పొరలో కాసేపు రంధ్రాలు తెరుస్తాయి, లోపలికి వెళ్ళిన మందు వందల రెట్లు బలంగా పనిచేస్తుంది. నల్లబడటం, పక్కు కట్టడం, రసి కారడం, వారాల తరబడి మానుతూ ఉండటం, ఇవన్నీ దారిలో వచ్చేవేనని చెప్పు. జ్వరం వచ్చినా, ఎర్రదనం పాకినా, చీము పట్టినా వెంటనే రమ్మను. చర్మం గోక్కోవద్దని చెప్పు, ఈ మందు పడ్డాక గోకిన చోట చారలు నల్లగా మిగలవచ్చు. ముందే నొప్పి ఉన్నవాళ్ళకు, ఆ చోట రేడియేషన్ పడ్డవాళ్ళకు తర్వాత నొప్పి ఎక్కువ కావచ్చు. మాత్రలు రాసిచ్చి పంపు.

ఇంకోటి. ఇది మందు, కరెంటు రెండూ అందిన గడ్డలకే, ఒంట్లో మరోచోట ఉన్న జబ్బుకు కాదు. ఆ మాట దాచకు. పుండు మాని, వాసన పోయి, నలుగురిలో కూర్చోగలగడం వాళ్ళకు చిన్న విషయమేమీ కాదు. అది చెబితే చాలామంది ఇష్టంగానే ఒప్పుకుంటారు.

డ్యూటీలో పడి భోజనం మానేయకు. మొదటి పేషెంట్ పక్కులు రాలాక ఫోన్ చెయ్యి, ఆవిడో ఆయనో ఎలా ఉన్నారో ముందు చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ