పెన్షన్ డబ్బులు పెట్టి కంపెనీ పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. మాది కంభం దగ్గర పల్లె. ఆర్మీ సిగ్నల్స్‌లో హవల్దార్‌ని, వచ్చే ఏడాది పెన్షన్ వస్తున్నా. ఫైబర్ కేబుల్ పని, రేడియో సెట్లు, నెట్‌వర్కింగ్ అన్నీ చేశా. ఊళ్లో వాళ్లేమో బ్యాంకులో గార్డు పోస్టు చూసుకోమంటున్నారు, మా బావమరిది మాత్రం పెన్షన్ కమ్యూటేషన్ కింద ఒకేసారి వచ్చే డబ్బులు మొత్తం పెట్టేసి హైదరాబాద్‌లో ఐటీ కంపెనీ పెడదాం బావా అంటున్నాడు. నాకు ఇంగ్లీష్ అంతంతమాత్రం, హిందీ బాగా వచ్చు. ఫౌజీవాడు టెక్నాలజీ బిజినెస్ చేయగలడా?

జవాబు: చేయగలడు తమ్ముడూ, నిక్షేపంగా చేయగలడు. కాకపోతే మీ బావమరిది చెప్పిన వరసలో కాదు.

అమెరికాలో రాస్ పెరో అని ఒకాయన ఉండేవాడు, 1992లో ప్రెసిడెంట్ ఎలక్షన్‌లో ఇండిపెండెంట్‌గా నిలబడి దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నాడే, ఆయనే. 1953లో నేవల్ అకాడమీలో పాసై, ఓడల మీద డ్యూటీ చేసి 1957లో నేవీ వదిలేశాడు. వదిలిన మర్నాడే కంపెనీ పెట్టలేదు. ఐబీఎంలో సేల్స్‌మన్‌గా చేరి ఐదేళ్లు కంపెనీల గుమ్మాలెక్కి దిగి కంప్యూటర్లు అమ్మాడు. అప్పుడు చూశాడు, కొన్నవాళ్లకి ఆ మిషన్‌తో ఏం చేయాలో తెలియట్లేదని, వాళ్లకి మిషన్ ఒక్కటే కాదు పని చేసిపెట్టే మనుషులు కూడా కావాలని. ఐబీఎం వాళ్లకి చెబితే పట్టించుకోలేదు. 1962లో డాలస్‌లో వెయ్యి డాలర్లతో ఈడీఎస్ అనే కంప్యూటర్ సర్వీసుల కంపెనీ మొదలుపెట్టాడు.

ఇక్కడ జాగ్రత్తగా చూడండి, కంప్యూటర్ల కంపెనీ పెట్టినాయనకి సొంత కంప్యూటర్ లేదు! ఒక ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర మిషన్ ఖాళీగా ఉండే టైమ్‌ని అద్దెకి తీసుకుని, అదే టైమ్‌ని కాలిన్స్ రేడియో అనే కంపెనీకి అమ్మాడు. అదీ ఫస్ట్ కస్టమర్. తర్వాత మిలిటరీ నుంచి వచ్చినవాళ్లని బోలెడుమందిని ఉద్యోగాల్లోకి తీసుకున్నాడు, 1984లో జనరల్ మోటార్స్ ఆ కంపెనీని రెండున్నర బిలియన్ డాలర్లకి కొనుక్కుంది. మనందరికీ ఆ బిలియన్ల ముక్కే గుర్తుంటుంది, మధ్యలో సేల్స్‌మన్‌గా అరిగిన చెప్పులు గుర్తుండవు.

మీకు టెక్నికల్‌గా లోటేం లేదు. కేబుల్ తెగితే ఓటీడీఆర్ అనే టెస్టింగ్ మిషన్ పెట్టి ఎన్నో మీటర్ దగ్గర తెగిందో చెప్పి, వానలో కూర్చుని స్ప్లైసింగ్ చేసి ఫైబర్ అతికించేవాళ్లకి ఒంగోల్లో గానీ మార్కాపురంలో గానీ పనికి కొదవుండదు. లోటెక్కడంటే, యూనిట్‌లో కావాల్సింది రాసి ఇండెంట్ పెడితే స్టోర్ నుంచి సామాను వస్తుంది, సీవో (కమాండింగ్ ఆఫీసర్) సాబ్ చెప్పాడంటే పని అయిపోతుంది. బయట నెట్‌వర్క్ స్విచ్చులూ, వాటిని పెట్టే రాకులూ మీ జేబులోంచి కొనాలి, ఆస్పత్రి వాళ్లకి బిగించాలి, బిల్లు ఇవ్వాలి, ఆ తర్వాత అకౌంట్స్ అబ్బాయి చుట్టూ తిరగాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న సంస్థకి 45 రోజుల్లోపు కట్టాలని చట్టం ఉంది, అకౌంట్స్ అబ్బాయికి తెలిసిందల్లా "సోమవారం రండి సార్" ఒక్కటే. మీరు గొంతు పెంచారా, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) పోయినట్టే.

అందుకని పెన్షన్ రాగానే ఒక ఏడాది, కుదిరితే రెండేళ్లు, ఒంగోలు లేదా విజయవాడలో నెట్‌వర్క్ పనులు చేసే కాంట్రాక్టర్ దగ్గర చేరండి. జీతం తక్కువైనా పర్లేదు, కానీ కొటేషన్ రాసే చోట, కస్టమర్‌తో బేరమాడే చోట నిలబడండి. రిటైరయ్యే సైనికులకి డీజీఆర్ అనే రక్షణ శాఖ విభాగం ఇప్పించే రీసెటిల్‌మెంట్ కోర్సు సర్వీసులో ఉండగానే తీసుకోవాలి, అందరూ వెళ్తున్నారని సెక్యూరిటీ కోర్సుకి వెళ్లకుండా మీ ట్రేడ్‌కి సర్టిఫికెట్ వచ్చేది అడగండి. డిశ్చార్జ్ అయ్యేదాకా మీ పేరు మీద ఫర్మ్ మాత్రం పెట్టకండి.

ఇక డబ్బు. కమ్యూటేషన్ అంటే బోనస్ కాదు తమ్ముడూ, మీ పెన్షన్‌లో సగం దాకా ముందే అమ్ముకోవడం. ఆ కోత మళ్లీ సరయ్యేది పదిహేనేళ్లకి. అది ఇంటిల్లిపాది తిండి, బావమరిది ఆఫీసు ఇంటీరియర్‌కి కాదు. పెట్టుబడికి పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ లోన్-సబ్సిడీ స్కీమ్ చూడండి, సేవలందించే వ్యాపారానికి 20 లక్షల ప్రాజెక్టు దాకా ఉంది, మాజీ సైనికుడు సొంతంగా పెట్టాల్సింది 5 శాతమే, పల్లెలో అయితే సబ్సిడీ 35 శాతం, టౌన్లో 25 శాతం. ఆ సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, అది తెలియక చాలామంది మేనేజర్‌తో గొడవపడతారు.

ఇంగ్లీష్ గురించి బెంగ వద్దు. మార్కాపురం స్కూల్ కరస్పాండెంట్‌కి తెలుగు చాలు, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లోనో కోఠి గుజరాతీ గల్లీలోనో సామాను కొనేటప్పుడు మీ హిందీ నాలుగు రూపాయలు మిగులుస్తుంది. ఒక్కటి మాత్రం, విజిటింగ్ కార్డు మీద మాజీ సైనికుడని వేసుకోండి, కానీ ఏ ఆర్మీ ఫార్మేషన్‌లో ఏ నెట్‌వర్క్ వేశారో ఎవడు అడిగినా నోరు విప్పొద్దు, అఫీషియల్ సీక్రెట్స్ చట్టం పెన్షనర్లకి కూడా వర్తిస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడు అగ్నివీర్. నాలుగేళ్లు అయ్యాక ఒకేసారి వచ్చే సేవా నిధి డబ్బులతో డ్రోన్ కంపెనీ పెడతానంటున్నాడు. పెట్టనివ్వాలా వద్దా?

జవాబు: వచ్చేది వడ్డీ కలుపుకుని సుమారు 11 లక్షల 71 వేలు, ఇన్‌కం టాక్స్ లేదు. పెన్షన్ కూడా లేదు, అది మర్చిపోకండమ్మా, పైన హవల్దార్‌కి ఉన్న ఆధారం మీ తమ్ముడికి ఉండదు. మందు కొట్టే డ్రోను, రెండు మూడు సెట్ల బ్యాటరీలు, ఛార్జింగ్‌కి జనరేటరు, చేను దాకా మోసుకెళ్లడానికి బండి లెక్కేస్తే ఆ డబ్బు దాదాపు ఊడ్చుకుపోతుంది. ముందు డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపున్న ట్రైనింగ్ సంస్థలో డ్రోన్ ఎగరేయడానికి కావాల్సిన రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోమనండి, పది పాసైతే చాలు. ఒక సీజన్ వేరేవాళ్ల డ్రోన్ ఎగరేసి, ఎకరానికి రైతు ఎంతిస్తున్నాడో, మిర్చి సీజన్ అయిపోయాక మిగతా నెలల్లో పని దొరుకుతుందో లేదో నోట్‌బుక్‌లో రాసుకుని రమ్మనండి, ఆ లెక్క చూశాక డబ్బు సంగతి మాట్లాడుకోవచ్చు.