అంతరించిన పిట్టను కాపాడటమెలా?

సందేహం: మా బడిపిల్లలు గోడపత్రికకు రాసుకొచ్చిన వాక్యం ఇది: "అంతరించిన నీలగిరి షోలకిలి జాతిని 2017లో కొత్త జాతిలో చేర్చారు. దాన్ని కాపాడుకోవాలి." చదువుతుంటే ఎక్కడో తేడా కొడుతోంది. ఎలా దిద్దమంటారు?
– ఒక ఉపాధ్యాయిని, సిద్ధవటం, కడప జిల్లా

సమాధానం: తేడా కొట్టాల్సిందేనమ్మా. అంతరించాక ఇంక కాపాడేదేముంది? 'అంతరించిన' అంటే పని ముగిసిపోయిందని. ఎండిన చెరువు వేరు, ఎండుతున్న చెరువు వేరు. సీమవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నీలగిరి షోలకిలి ఇంకా ఉంది. పడమటి కనుమల ఎత్తుల్లో, షోలాలని పిలిచే సతతహరిత కొండ అడవుల్లో, నేలకు దగ్గరగా పొదల మాటున తిరుగుతూ పాడే చిన్న నీలిపిట్ట అది. ఆ అడవులు కొట్టి తేయాకు, జామాయిల్ తోటలు వేసుకుంటూ పోవడంతో దానికి చోటు కరువైంది. కాబట్టి 'అంతరించే ప్రమాదంలో ఉన్న' అనాలి.

మీ పక్కనే ఉన్న కలివికోడిని చూడండి. 1900 తర్వాత దశాబ్దాల పాటు దాని జాడ లేకపోయేసరికి అంతరించిందనే అనుకున్నారు. 1986లో లంకమల కొండల దాపున మళ్ళీ కనబడింది. అన్నేళ్ళూ దాన్ని 'అంతరించిందనుకున్న' పక్షి అని ఉంటే సరిపోయేది. (ఇంగ్లీషులో కలివికోడి ఏ పక్షిశాస్త్రవేత్త జెర్డన్ పేరుతో ఉందో, నీలగిరి షోలకిలిని మొదట శాస్త్రలోకానికి వర్ణించి చెప్పిందీ ఆయనే.)

ఇక 'జాతి'. మనుషుల జాతి, తెలుగు జాతి, మేలుజాతి ఎద్దు... ఇన్నింటిని మోస్తున్న మాట, పిల్లలు తడబడటంలో వింత లేదు. జీవశాస్త్ర పాఠాల్లో మాత్రం దాని అర్థం ఇరుకైనది: సాధారణంగా తమలో తాము జతకట్టి, మళ్ళీ పిల్లల్ని కనగల సంతానాన్నిచ్చే జీవుల సముదాయం. దగ్గరి చుట్టరికమున్న జాతులన్నీ కలిస్తే 'ప్రజాతి', ప్రజాతులు కలిస్తే 'కుటుంబం'. పితామహుడికి పై తరంవాడు ప్రపితామహుడు కదా, ఇక్కడా 'ప్ర' ఒక మెట్టు పైకి తీసుకెళ్తుంది.

2017లో మారింది ప్రజాతి. అంతకుముందు ఈ పిట్టను కొన్నాళ్ళు ఒక ప్రజాతిలో, కొన్నాళ్ళు ఇంకోదానిలో వేస్తూ వచ్చారు. డీఎన్ఏ పరిశీలిస్తే ఆ పిట్టలతో దీనికి దగ్గరి సంబంధం లేదని తేలింది. అప్పుడు 'షోలికోలా' అని కొత్త ప్రజాతిని ఏర్పరిచి, దీన్నీ, పాలక్కాడ్ కనుమకు దక్షిణాన ఉండే తెల్లపొట్ట షోలకిలినీ అందులో చేర్చారు.

వాక్యాన్ని ఇలా దిద్దండి: "అంతరించే ప్రమాదంలో ఉన్న నీలగిరి షోలకిలిని 2017లో 'షోలికోలా' అనే కొత్త ప్రజాతిలో చేర్చారు. దాన్ని కాపాడుకోవాలి." మొదటి 'జాతి'ని కావాలనే తీసేశాను. పిట్ట పేరు చెప్పాక వెనకే 'జాతి' అని తగిలించడం పత్రికల నుంచి అంటుకున్న అలవాటు. గోడపత్రిక శీర్షికలో చోటు చాలదంటే 'అంతరిస్తున్న' అని రాయించినా ఒప్పుకుంటాను.